పారెడు సోడా

గాజు ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ తూకం అక్క అంటారు. ఓవెన్‌లో కాలి, ఆ వేడి మీదే తడి తగిలినా పగలని గిన్నెలు చేసే ఫ్యాక్టరీ అది. ఇసుక, బోరాక్స్, సోడా, అల్యూమినా పొడి తూచి, కలిపి, ఫర్నేసుకు పంపడం ఆవిడ పని. కాటా ముల్లు కాస్త పక్కకి జరిగినా అంతా దించేసి మళ్ళీ తూచేది. ఇంట్లో ఉప్పు విషయంలో మాత్రం ఆ నిష్ఠ కనిపించదు. కూర నోట పెట్టలేనంత ఉప్పగా ఉన్న రోజున కొడుకు, "ఆ కాటా ఇంటికి తెచ్చుకోరాదా అమ్మా" అనేవాడు.

అంతటి మనిషీ తప్పు చేసింది. ఫర్నేసు పాతబడి వేడి చాలడం లేదు. గాజు సరిగ్గా కరగక, జిగురులా సాగి బుడగలు పట్టేస్తోంది. గిన్నెలన్నీ చెత్తలోకే పోతున్నాయి. ఫర్నేసు చూసే పెద్దాయన వచ్చి, "నీ చెయ్యి పోయిందేంటి తల్లీ" అని నలుగురిలో అనేశాడు. ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. పప్పు ఉడక్కపోతే చిటికెడు సోడా వేయమా అనుకుంది. ఆ రోజంతా ప్రతి కలుపులోనూ, తూకం అయిపోయాక, కాటా వైపు చూడకుండా ఒక పారెడు సోడా ఎక్కువ వేసింది.

తెలియక కాదు. వేడికి గాజు ఉబ్బుతుంది. ఒక పక్క ఉబ్బి, చల్లబడ్డ పక్క ముడుచుకుంటే ఆ లాగులాటలో పగులుతుంది. బోరాక్స్ ఉంటే ఆ ఉబ్బు తక్కువ. సోడా ఇసుకను త్వరగా కరిగిస్తుంది కానీ, మోతాదు దాటితే ఉబ్బునూ పెంచుతుంది. ఇదంతా కొత్తవాళ్ళకు నేర్పేదే ఆవిడ. నలుగురిలో పోయిన పరువు ముందు అది గుర్తు రాలేదంటే నమ్మకండి. గుర్తొచ్చింది, పక్కకు నెట్టేసింది.

గాజు నీళ్ళంత తేటగా వచ్చింది. పెద్దాయన మెచ్చుకున్నాడు. పరీక్ష గది అతను ప్రతి కలుపులోంచీ ఒక గిన్నెను వేడిచేసి చన్నీళ్ళలో ముంచి చూడాలి. "అక్క కలిపిందానికి పరీక్షేంటి" అని ఊరికే ముద్ర కొట్టేశాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. పైగా అందులో ఒక గిన్నె మురిసిపోతూ తెచ్చి కోడలికిచ్చింది.

కోడలు దాన్ని ఓవెన్‌లోంచి తీసి తడి గట్టు మీద పెట్టిందో లేదో, ఫెళ్ళున పగిలింది. సలసల కాగే కూర చేతి మీద పడి బొబ్బలెక్కింది.

"చూసి పెట్టుకోవద్దూ" అని కొడుకు పెళ్ళాన్ని కసిరాడు.

"తడి చూసుకోలేదు అత్తయ్యా. నాదే తప్పు. మీరంత ఇష్టంగా తెచ్చారు" అంది ఆ పిల్ల, నొప్పితో పళ్ళు బిగబట్టి.

తూకం అక్క ఆ చేతి మీద చన్నీళ్ళు పోసింది. "పోనీలే అమ్మా" అంది. అంతకంటే సిగ్గుమాలిన మాట ఆవిడ జన్మలో అనలేదు.

రోజూ కట్టు విప్పి మందు రాసేది. రాసినప్పుడల్లా కోడలు ఆ గిన్నె సంగతి ఎత్తి నొచ్చుకునేది. ఆవిడ పోనీలే అనేది. అన్న ప్రతిసారీ తన మీద తనకే రోత పుట్టేది.

ఒక ఉదయం ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి ఆ గిన్నెలు లారీకెక్కిస్తున్నారు. ఎన్ని వంటిళ్ళలో ఎంతమంది నాదే తప్పు అనుకుంటారో అనిపించింది. తిన్నగా పరీక్ష గదికి నడిచింది.

"వీటిలో ఒకటి వేడిచేసి ముంచు తమ్ముడూ."

అతను నవ్వుతూనే ముంచాడు. పగిలింది. ఇంకోటి ముంచాడు. అదీ పగిలింది.

"సోడా ఎక్కువేశాను. లారీ ఆపించు" అంది.

లారీ ఆగింది. ఆవిణ్ణి కాటా దగ్గర్నుంచి తప్పించి, పగిలిన గాజు ఏరే పనిలో వేశారు. దానికి ఆవిడ బాధపడలేదు. గుండె కాస్త తేలికైంది కూడా. ఆ తేలికతోనే ఇంటికొచ్చి కోడలికి అంతా చెప్పేసింది.

కోడలు చేతి కట్టు వైపు చూసుకుంది.

"గిన్నె సంగతి సరే అత్తయ్యా. ఇన్నాళ్ళూ నేను తప్పు నాదంటుంటే, పోనీలే అని నన్ను క్షమించారే."

ఆవిడ మందు డబ్బా తీసుకుని, ఎప్పటిలాగే ఆ చెయ్యి అందుకోబోయింది.

"నేను రాసుకుంటాలెండి" అంది కోడలు, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.