సీ ఖమాయిస్ ఆరో రాజీనామా

సీ ఖమాయిస్‌కు ఉన్న దురలవాటు ఒక్కటే: కోపం వచ్చినప్పుడల్లా రాజీనామా చేస్తారు. కోపం రాని పూట ఆయనకు లేదు.

స్ఫాక్స్ నగరంలో జరగబోయే అంతర్జాతీయ బాలల గణిత పోటీకి ఆయనే అధ్యక్షులు. స్వాగత పతాకం వంకరగా కట్టారని మొదటి రాజీనామా. ప్రశ్నపత్రంలో వృత్తం కోడిగుడ్డులా అచ్చయిందని రెండోది. కాగితం దొరక్కపోతే ఆలివ్ నూనె డబ్బా మీది చీటీ పీకి దాని వెనక రాసేవారు. తేదీ, గంట, సంతకం మాత్రం ఏనాడూ తప్పలేదు. మర్నాడంతా కుర్చీ ఖాళీ. సాయంత్రం సభ్యులు బాదం పలుకుల పొట్లంతో ఇంటికెళ్లి బతిమాలితే, మూడోనాడు గొణుక్కుంటూ వచ్చి కూర్చునేవారు.

ఆ చీటీలను దస్త్రంలో భద్రపరచవలసిన కార్యదర్శి ఉమైమా. న్యాయశాస్త్రం చదివిన పిల్ల. అన్యాయం కనబడితే ఒళ్లు మండుతుంది. ఆ నెలంతా మండుతూనే ఉంది. యెమెన్‌లోని తయిజ్ నుంచి రావలసిన నలుగురు బాలికలకు వీసాలు రాలేదు. వీసా చూపనిదే పేర్లు నమోదు కావు. నమోదుకు ఈ గురువారమే గడువు.

"వచ్చే బుధవారం ఇస్తాం," అన్నాడు వీసా కార్యాలయంలో గుమాస్తా, నింపాదిగా.

"వాళ్లు లెక్కలు చేయడానికి వస్తున్నారయ్యా, మీ గోడలు దూకడానికి కాదు," అని ఉమైమా ఫోన్ పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే, ఐదో రాజీనామా ముగించుకుని సీ ఖమాయిస్ లోపలికొచ్చారు. "నిన్నటి బాదం పలుకుల్లో ఉప్పెక్కువ."

"ఆరు రోజుల తేడాతో నలుగురు పిల్లల నోట మట్టి కొడుతుంటే, మీకు ఉప్పు గొడవా? ఇంకోసారి రాజీనామా చేస్తే మళ్లీ రానివ్వను. నియమావళి తీసి మరీ అడ్డుకుంటాను."

"తియ్యమ్మా, లాయరువి కదా. పంతొమ్మిదో నిబంధన దగ్గర మొదలుపెట్టు."

తీసింది. అధ్యక్ష పదవి ఖాళీగా ఉన్న ప్రతి రోజుకూ నమోదు గడువు ఒక రోజు పెరుగుతుందని రాసి ఉంది. దస్త్రం విప్పింది. మొదటి రాజీనామా తేదీ, తయిజ్ పిల్లల వీసా అర్జీ మొదటిసారి తిరిగొచ్చిన రోజే.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కుట్ర అవుతుంది. చెప్పకపోతే ముసలాడి కోపం."

ఐదు చీటీలు, ఐదు రోజులు. గురువారం నుంచి బుధవారానికి కావలసినవి ఆరు.

ఉమైమా వెళ్లి టీ పెట్టి, ఎనిమిది చెంచాల పంచదార కలిపి తెచ్చింది.

ఆయన ఒక్క గుక్క తాగి గ్లాసు దించారు. "ఇది టీయా, పాకమా? ఇలాంటి చోట క్షణం ఉండను."

"ఉండకండి," అంటూ ఆమె కాగితం, కలం ముందుకు జరిపింది. "తేదీ, గంట వేయడం మరిచిపోకండి. రేపు బాదం పలుకులు నేనే తెస్తాను. ఉప్పు లేనివి."