తక్కెడ బావ అరచెయ్యి

మా బావకు బజారులో తక్కెడ అని పేరు. ఆ పేరు నేనే పెట్టి ఉండాల్సింది, నాకంటే ముందే ఎవరో పుణ్యం కట్టుకున్నారు. కంప్యూటర్లు బిగించే కొట్టు ఆయనది. ఎవరైనా కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై కావాలని వస్తే దాని మీద ఏం రాసుందో చూడడు. అరచేతిలో పెట్టుకుని, కళ్లు సగం మూసి, పుచ్చకాయ ఎంచినట్టు పైకీ కిందికీ ఆడిస్తాడు. బరువుంటే మంచిది, తేలికైతే చెత్త. లోపల రాగి, ఇనుము దండిగా ఉంటే బరువుంటుందన్న మాట ఒకప్పుడు నిజమే. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇన్నేళ్లు పెత్తనం చేశాడు.

మా అక్క ఇంట్లోనే కూర్చుని ఒక ప్రెస్సుకు కంప్యూటర్ మీద పుస్తకాల పేజీలు కూర్చేది. చేతిలో ఒక బడి పుస్తకం పని ఉండగా పాత పవర్ సప్లై మొరాయించింది. గడువు దాటితే ఇక పనే ఇవ్వమని ప్రెస్సువాళ్లు అప్పటికే తెగేసి చెప్పారు. బావ కొత్తది తెచ్చాడు, ఇటుకంత బరువు. నేను ఉండబట్టలేక చెప్పాను: వాట్లు పెద్దక్షరాల్లో ఎవరైనా వేసుకుంటారు, కంప్యూటర్ ఎక్కువగా వాడుకునే పన్నెండు వోల్టుల దగ్గర నిజంగా ఎంత ఇస్తుందో చూడాలి, లాక్కున్న కరెంటులో ఎంత వేడిగా వృథా పోతుందో చూడాలి, తేడా వస్తే తనంతట తాను ఆగిపోతుందా అని అడగాలి అని.

"మరదలు పిల్లా, నువ్వు కాగితాలు చదువుకో. నా చెయ్యి చదివేది నీకు అర్థం కాదు," అన్నాడు బావ.

అక్క నన్ను ఊరుకోమన్నట్టు చూసింది. మొగుడి మాట కాదనడం ఆమెకు చేతకాదు. నాకు ఒళ్లు మండింది.

పుస్తకం ముగింపుకొచ్చిన రోజు మధ్యాహ్నం టప్‌మని శబ్దం, వెంటనే కాలిన వాసన. పవర్ సప్లై తాను పోతూ మదర్‌బోర్డునూ పుస్తకం ఉన్న డిస్కునూ వెంటబెట్టుకుపోయింది. కాపీ దాచిన రెండో డిస్కును కూడా అదే కంప్యూటర్‌లో బిగించాడు మహానుభావుడు. అదీ పోయింది. ప్రెస్సువాళ్లు పుస్తకాన్ని వేరేవాళ్లకిచ్చి, అన్నంత పనీ చేశారు.

బావ తప్పంతా కరెంటు మీదికి నెట్టాడు. వీధిలో ఇంకెవరింట్లోనూ ఏమీ కాలలేదని నేనంటే నోరు మూసుకోమన్నాడు. అక్క లేచి వెళ్లింది. స్క్రూడ్రైవర్ తెచ్చి కాలిన పవర్ సప్లై మూత విప్పింది. లోపల చిన్న బోర్డు, పక్కనే అంటించిన సిమెంటు ముద్ద. బరువంతా అదే. దాన్ని ఊడబెరికి ఆయన చేతిలో పెట్టింది. ఆ మనిషి, నమ్మండి, అలవాటుకొద్దీ దాన్నీ పైకీ కిందికీ ఆడించాడు.

ప్రెస్సు తలుపు మూసుకున్నా ఇంకో పని వెతుక్కోవాలిగా. కొత్త పవర్ సప్లైకి అక్క తనే బయల్దేరి, కొట్టుకొట్టూ తిరిగి, ప్రతిదాని మీదా రాసింది చదివి, అడగాల్సినవన్నీ అడిగి ఒకటి తెచ్చుకుంది. పెట్టె విప్పుతుంటే బావ పక్కకొచ్చి, ఒకసారి చూస్తానని అరచెయ్యి చాపాడు.

"వద్దండీ," అంది అక్క. "ఇంక నా వస్తువేదీ మీ చేతికివ్వను."

పెళ్లైనప్పటి నుంచి ఆమె ఆయనతో వద్దు అనడం నేను వినలేదు. దాన్ని తన వైపు జరుపుకుని స్క్రూలు బిగించుకుంటూ కూర్చుంది. చాపిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక బావ కాసేపు అలాగే నిలబడ్డాడు. నాకు ఇసుమంతైనా జాలి కలగలేదు.