తాడు మీద చోటు

మా ఊళ్లో పెద్దవల తాడు మీద చెయ్యి వేసినోళ్లందరికీ చేపల్లో వంతు ఉంటుంది. ముసలమ్మ వచ్చి ఊరికే పట్టుకుని నిలబడినా ఆమె వంతు ఆమెదే. ఆ తాడు మా ఇంటికి ఏళ్లతరబడి లేకుండా పోయింది.

తమిళనాడు పెద్ద బోట్లొచ్చి మావోళ్ల వలలు తెంపుకుని పోతుంటే, పట్టుకుందామని ఊరంతా కలిసి సముద్రంలోకి పోయినారు. తీరా చూస్తే ఒక్క బోటూ లేదు. ఎవరో ముందే ఫోన్ చేసి చెప్పేసినారన్నారు. అమ్మ పుట్టిల్లు పులికాట్ అవతల, తమిళం వైపు. ఇంకేముంది, నాయనే ద్రోహి! నాయన చెయ్యలేదని ఒక్కసారి చెప్పినాడు. ఎవరూ నమ్మకపోయేసరికి మళ్లీ నోరెత్తలేదు. నిజమేందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఊరికి పెద్దరికం చేసే కాపులు కూర్చుని మా ఇంటి మీద దురాయి వేసినారు. మాతో ఎవరూ మాట్లాడకూడదు, మేం తాడు ముట్టకూడదు. చేస్తే నాయన చేసినాడు, మధ్యలో అమ్మేం చేసింది, నేనేం చేసినాను? అడిగితే వినే నాథుడేడీ?

వెనకింటామె ఒక్కతే పొద్దుగూకినాక దడి మీంచి నాలుగు చేపలు పడేసి, మాట్లాడకుండా పొయ్యేది.

నాయన పోయిన రోజు పాడె మొయ్యడానికి ఊళ్లో ఒక్క మగోడు రాలేదు. మా మామలు తమిళం వైపు నుంచి వచ్చి మోసినారు. "చూసినారా ఎవరొచ్చినారో!" అన్నారు జనం. నాకు ఏడుపు రాలేదు. కోపమన్నా రావాల, అదీ రాలేదు.

కొన్నాళ్లకు దురాయి ఎత్తేసినారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఒకాయన వాకిట్లో నిలబడి, "రా అక్కా, వల లాగుతుండారు" అన్నాడు. అమ్మ పొయ్యి మీద అన్నం వదిలేసి పరిగెత్తింది. మనుషుల మధ్యలో దూరి తాడు పట్టింది. ఆ పూట మా వంతుకొచ్చిన కవళ్ల చేపల పులుసు తిన్నాం. బాగుండింది.

మొన్న దురాయి వెనకింటి మీద పడింది. వేట నిషేధం రోజుల్లో మా ఊరి బోట్లు సముద్రంలోకి పోయిన సంగతి ఆ ఇంటాయన ఆఫీసర్లకు చెప్పినాడంట. ఈ పొద్దున వల లాగేటప్పుడు వెనకింటామె వచ్చింది. అమ్మకూ నాకూ నడుమ మనిషి పట్టేంత చోటుంది. ఆమె తాడు వైపు చెయ్యి చాపింది.

అమ్మ ఆమెను చూళ్లేదు. తాడు వదలకుండా నా వైపు జరిగింది. ఆమె చెయ్యి అట్నే ఉంది.

"లాగుమే, ఏం చూస్తుండావు" అనింది అమ్మ నాతో.