పిరికివాళ్ళు మెచ్చిన రంపం

ఏ వస్తువు కొనాలన్నా, ఆ షాపులో అందరికంటే పిరికివాళ్ళెవరో కనుక్కుని, వాళ్ళ చేతికిచ్చి చూస్తే గానీ కొనకపోవడం మామగారి అలవాటు. షాపువాళ్ళ మాట వినరు. అట్టపెట్టె మీద రాసింది చదవరు. గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, "బాబూ, ఇక్కడ అందరికంటే పిరికివాళ్ళెవరు?" అని అడుగుతారు. అప్పటిదాకా కిటకిటలాడుతున్న షాపు ఒక్కసారిగా ఖాళీ అయినట్టుంటుంది. ఎందుకంటే ఎవరికి వాళ్ళు పక్కవాడి వెనక్కి జరుగుతారు.

నిచ్చెన కొన్నప్పుడు ఎదురు షాపులోని దర్జీని పట్టుకొచ్చారు. ఆ మనిషికి ముక్కాలిపీట ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి. మొదటి నిచ్చెన రెండో మెట్టు మీద దర్జీ దండం పెట్టాడు. రెండోదాని మీద కూలబడ్డాడు. మూడోదాని మీద మామగారిని నానా మాటలూ అన్నాడు. నాలుగోదానికి మెట్లు వెడల్పుగా ఉండి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉంది. దాని చిట్టచివరికెక్కి, "అబ్బ, ఇక్కణ్ణుంచి మా షాపు ఎంత బాగుందో!" అంటూ పది నిమిషాలు దిగలేదు. మామగారు అదే నిచ్చెన కొన్నారు.

"ఇదేం పద్ధతండీ?" అని ఎవరైనా అడిగితే మామగారి దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. "ముప్ఫయ్యారేళ్ళు లిఫ్టులు తనిఖీ చేశాను. లిఫ్టు బాగుందో లేదో ఇంజనీరు చెప్పలేడు. మూలకి నక్కి, కమ్మీ పట్టుకుని, కళ్ళు మూసుకుని వెళ్ళేవాడున్నాడే, వాడు చెబుతాడు. ప్రతి చప్పుడూ వాడే వింటాడు. ధైర్యవంతులకి చెవులుండవండీ."

ఇదంతా విని ఊరంతా నవ్వేది. నవ్వలేనివాడు ఒక్కడే, ఆయన అల్లుడు. కారణం, ఊళ్ళో అందరికంటే పిరికివాడు తనేనని అతనికి బాగా తెలుసు.

అల్లుడు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. కాగితం, ఎర్ర పెన్ను తప్ప చప్పుడు చేసే వస్తువేదైనా అతనికి భయమే. మిక్సీ భయం, డ్రిల్లు భయం, టపీమని వెలిగే స్టవ్వు భయం. పోనీ ఆ మాట ఇంట్లో చెప్పుకుందామా అంటే, ఉండేది అత్తవారింట్లో. భార్య అంబులెన్సు డ్రైవరు. అత్తగారు వంటింట్లో దూరిన పందికొక్కుని గోనెసంచిలో పట్టి, సంచి మూతి కట్టి, ఆ తర్వాత తీరిగ్గా చేతులు కడుక్కున్న మనిషి. అలాంటి కొంపలో నోరెలా విప్పుతాడు? ఆరేళ్ళుగా దాచుకుంటూ వస్తున్నాడు. మామగారి వెంట షాపుకెళ్ళినప్పుడల్లా, ఆ ప్రశ్న వినపడగానే తలెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెడుతూ నిలబడేవాడు.

ఆ వారం వచ్చిన గాలివానకి పెరట్లో చెట్టు పెద్దకొమ్మ మొదట్లో చీలింది. మేడమీది వసారాకి పక్కగా సాగిన ఆ కొమ్మ, కింద వెనకగది రేకుల మీదికి వాలి నిలబడింది. గాలి వీచినప్పుడల్లా కిర్రుమనేది. రేపు సాయంత్రానికి ఇంతకంటే పెద్ద గాలి వస్తుందని రేడియో చెప్పింది. చెట్లు కొట్టేవాళ్ళకి కబురు పెడితే నాలుగు రోజుల దాకా ఖాళీ లేదన్నారు.

వెనకగదిలో, కాలికి కట్టుతో, మంచమ్మీద అత్తగారున్నారు.

"అత్తయ్యగారూ, ఈ రెండు రోజులూ ముందుగదిలో పడుకుందురుగాని" అని అల్లుడు బతిమాలాడు.

"ఒక కొమ్మకి భయపడి మంచం మార్చుకుంటానా? నేను కదలను."

"అది మీద పడితే?"

"పడనీ. నేనూ చూస్తాను దాని సంగతి."

ఆవిడ అంతేనని అందరికీ తెలుసు. "బ్యాటరీ రంపం ఒకటి కొనుక్కొచ్చి కోసేద్దాం. ఇంట్లో ఉంటే రేపు మళ్ళీ పనికొస్తుంది" అన్నారు మామగారు. ఆయన కుడి భుజం పట్టేసి ఏడాదవుతోంది. చెయ్యి పైకి లేవదు, తల కూడా ఎడంచేత్తోనే దువ్వుకుంటారు. అల్లుడి భార్యకి ఈ గాలి తగ్గేదాకా డ్యూటీ దిగే అవకాశం లేదు. మరి కోసేదెవరని ఎవరూ అడగకముందే అత్తగారు తేల్చేశారు. "అల్లుడుగారు కోస్తార్లే, ఎంతలో పని!"

అల్లుడికి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. కొమ్మ కిర్రుమన్నప్పుడల్లా లేచి కూర్చున్నాడు. రంపం పట్టుకోగానే చేతులు వణుకుతాయి. అది అందరూ చూస్తారు. కొమ్మ విరిగినా అవమానం, విరక్కపోయినా అవమానం.

మర్నాడు మూడింటికి షాపులో రంపాల సరుకు దిగేసరికి మామా అల్లుళ్ళిద్దరూ అక్కడున్నారు. అప్పటికే తాళ్ళకోసం, టార్పాలిన్లకోసం జనం తోసుకుంటున్నారు. షాపాయన వీళ్ళని చూసి నుదురు కొట్టుకున్నాడు.

"సార్, మీకు పుణ్యముంటుంది, ఇవాళ మాత్రం ఆ ప్రశ్న అడక్కండి. రంపాలు నాలుగే ఉన్నాయి. ఏదో ఒకటి పట్టుకెళ్ళండి."

"అలాగే బాబూ. ఇంతకీ ఇక్కడ అందరికంటే పిరికివాళ్ళెవరు?"

క్యాషియరమ్మ బల్ల కింద దాక్కుంది. ఇస్త్రీపెట్టెకీ, గీజరుకీ ఇదివరకు ఆవిడే బలైంది. మామగారు వంగి బల్ల కిందికి చూశారు. "అమ్మా, మీ మాటే నాకు వేదం. ఒక్క ఐదు నిమిషాలు."

షాపు పెరట్లో ఒక దుంగ వేశారు. క్యాషియరమ్మకి కళ్ళద్దాలు, చేతులకి తొడుగులు, తలకి టోపీ పెట్టారు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. "కళ్ళద్దాలు పెట్టిందే కళ్ళు తెరవడానికమ్మా" అన్నారు మామగారు.

మొదటి రంపం మూరెడు దాటి పొడవుంది. పట్టుకోగానే ముక్కు నేలకి వాలిపోయింది. "బరువండీ, చేతులు లాగేస్తున్నాయి" అంది క్యాషియరమ్మ. "వద్దు" అన్నారు మామగారు. వెనకే నిలబడ్డ తోటల కాంట్రాక్టరు దాన్ని లాక్కుపోయాడు. ఇక మూడు.

రెండోది తేలికే గానీ, మీట వదిలేశాక కూడా కోసే పళ్ళగొలుసు గిర్రున తిరుగుతూనే ఉంది. ఆవిడ కెవ్వుమంది. "ఆగిందనుకుని చెయ్యి పెడితే?"

"విన్నారా అల్లుడుగారూ? ఈ మాట ఏ ఇంజనీరైనా అన్నాడా?" అంటూ దాన్నీ పక్కన పెట్టించారు. ఎవరో దాన్నీ ఎగరేసుకుపోయారు. ఇక రెండు. బయట రోడ్డు మీద కాగితాలు గాలికి లేస్తున్నాయి. "మామయ్యగారూ, టైమవుతోందండీ" అన్నాడు అల్లుడు.

మూడోది వెంటనే ఆగింది, బాగానే కోసింది. కానీ నడపాలంటే ముందు పక్కనున్న బొత్తాం నొక్కిపట్టాలి, అది రాయిలా బిగుసుకుని ఉంది. "భయపడ్డప్పుడు నా వేళ్ళలో బలముండదండీ" అంది క్యాషియరమ్మ సిగ్గుపడుతూ.

మామగారు చేతులు జోడించారు. "ఎంత మాటన్నారమ్మా! తయారుచేసినవాడికి ఈ సంగతి తట్టలేదు చూశారా!"

"నాకు తడుతోంది సార్, షాపు మూసేసి పారిపోవాలని" అన్నాడు షాపాయన. కాంట్రాక్టరు మూడోదీ పట్టుకుపోయాడు. ఒక్కటే మిగిలింది.

నాలుగోదానికి గొలుసు తిరిగే బద్ద అడుగు పొడవుంది. చూడ్డానికి బొమ్మలా ఉంది. క్యాషియరమ్మ మీట నొక్కింది, దుంగ రెండు ముక్కలైంది. వదిలింది, గొలుసు అక్కడికక్కడే ఆగింది. ముందున్న అడ్డుపలకని మణికట్టుతో తోసింది, అలా తోసినా ఆగింది. గొలుసు బిగించడానికి పానా అక్కర్లేదు, ఒక చక్రం తిప్పితే చాలు. లోపల నూనె ఎంతుందో చిన్న కిటికీలోంచి కనిపిస్తోంది. ఆవిడ మెల్లగా కళ్ళు తెరిచి, "ఇంకోసారి కోయనా అండీ?" అంది.

ఇంతలో కాంట్రాక్టరు మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. "ఇది కూడా ఇటిచ్చెయ్యండి. మావాడు వాడుకుంటాడు."

"ఉండు నాయనా. ఇంకో పిరికివాళ్ళని కూడా అడిగి..." అంటూ మామగారు చుట్టూ చూశారు. ఆ చూపు అల్లుడి మీద ఒక్క క్షణం ఆగింది. అల్లుడు ఫ్యానుకోసం తలెత్తాడు. పెరట్లో ఫ్యానెక్కడిది, మబ్బులు కనిపించాయి. మామగారి చూపు మెల్లగా పక్కకి జారింది. "అక్కర్లేదులే. ఇదే ఇచ్చెయ్యి బాబూ." మామగారు ఎప్పుడూ అంత త్వరగా తేల్చలేదని షాపాయన తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి కరెంటు పోయింది. బ్యాటరీ మీద చార్జి ఎంతుందో చూపించే దీపాలు నాలుగుండాలి, దుంగలు కోసిన పుణ్యమా అని మూడే వెలుగుతున్నాయి. చార్జింగు పెట్టే దారి లేదు. టైము ఐదు దాటింది.

అత్తగారు చేతికర్రలమీద ముందుగదిలోకొచ్చి కుర్చీలో కూర్చున్నారు. "కొమ్మకి భయపడి కాదు. రంపం అల్లుడుగారి చేతిలో ఉందని వచ్చాను. ఆరింటికల్లా నా మంచమ్మీద నేనుంటాను, కొమ్మ ఉన్నా లేకపోయినా" అన్నారు.

మేడమీది వసారాలో నిలబడితే కొమ్మ సరిగ్గా నడుమెత్తులో ఉంది. మామగారు ఎడంచేత్తో చూపిస్తూ, అల్లుడిచేత దానికి తాడు వేయించి, పైనున్న గట్టి కొమ్మమీదుగా తీయించి, వసారా స్తంభానికి మూడు చుట్లు చుట్టించారు. అల్లుడికి టోపీ, కళ్ళద్దాలు ఆయనే పెట్టారు. అల్లుడు రంపం ఎత్తాడు. అంతలోనే దించి, మళ్ళీ ఎత్తాడు. గాలి రివ్వున వీచింది, కొమ్మ కిర్రుమంది.

"భయమేస్తోందా?" అన్నారు మామగారు మెల్లగా.

అబద్ధం ఆడటానికి కూడా అతనికి ఓపిక లేకపోయింది. "చాలా భయమేస్తోందండీ."

"హమ్మయ్య!" అన్నారు మామగారు. "ఇప్పుడు నాకు ధైర్యంగా ఉంది."

అల్లుడు రంపం కిందికి దించాడు.

"ఆరేళ్ళయింది ఈ మాట మీ నోట వినాలని. మీరు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు కుక్కరు కూతేస్తే, కాఫీ కప్పుతో సహా తలుపు వెనక్కెళ్ళారు. గుర్తుందా? ఆ వారమే కుక్కరు మార్చేశాను. అల్లుడుగారిని పట్టుకుని మీరు పిరికివారా అని అడగలేను కదా. అందుకే షాపుల్లో వాళ్ళనీ వీళ్ళనీ అడిగేది. నాకింకేం పని?"

కూతలేని కుక్కరు. బారెడు కాడున్న లైటరు. కమ్మీ ఉన్న నిచ్చెన. తుమ్మెదలా రొద పెట్టే మిక్సీ. ఆరేళ్ళుగా తను భయపడకుండా వాడుకుంటున్నవన్నీ ఒక్కొక్కటే అల్లుడి కళ్ళముందుకొచ్చాయి. తను ధైర్యంగా నటిస్తున్నాననుకున్నాడు. నటించే అవసరం లేకుండా ఆయన ఇల్లంతా మార్చేశారు. కళ్ళద్దాల లోపల మసకబారింది.

"ఏడవకండి, కోసే చోటు కనపడదు" అన్నారు మామగారు. "వేలు తీస్తే అది చచ్చినట్టు ఆగుతుంది. క్యాషియరమ్మ హామీ ఇచ్చింది. ముందు చివరి రెమ్మలు కానివ్వండి."

రెమ్మలు ఒక్కొక్కటీ పెరట్లోకి రాలాయి. రెండు దీపాలు మిగిలాయి. మొదలు దగ్గర, చీలికకి ఇవతల, ముందు కిందనుంచి కాస్త గాటు పెట్టించారు, తర్వాత పైనుంచి. చప్పుడులో తేడా వచ్చినప్పుడల్లా అల్లుడు వేలు తీసి ఆగాడు. ఒకసారి అలా ఆగినప్పుడే కొమ్మ లోపల పిట్టుమనడం అతనికే వినిపించింది. "మామయ్యగారూ, తాడు ఇంకో చుట్టు చుట్టండి!" అని అరిచాడు. మామగారు మారుమాట లేకుండా ఎడంచేత్తో చుట్టారు. ఒక్క దీపం మిగిలింది.

"కోస్తున్నారా, దువ్వుతున్నారా?" కిందనుంచి అత్తగారి కేక.

ఆఖరి కోతకి కొమ్మ ఊడింది. తాడు బిగిసి, స్తంభం మూలిగి, కొమ్మ రేకులకి మూరెడెత్తున ఊగుతూ ఆగిపోయింది. తర్వాత దాన్ని మెల్లగా పెరట్లోకి దించారు. గాలి అసలు రూపం చూపించేసరికి అత్తగారు తన మంచమ్మీద ఉన్నారు. "ఇంతేనా? దీనికా ఇంత హడావిడి!" అంటూ గురక పెట్టారు.

నెల తిరిగాక గోడకి అలమర బిగించడానికి డ్రిల్లు కొనాల్సొచ్చింది. మామగారు షాపు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు. "బాబూ, ఇక్కడ అందరికంటే పిరికివాళ్ళెవరు?"

ఈసారి అల్లుడు ఫ్యాను వైపు చూడలేదు. ఛాతీ విరుచుకుని, షాపంతా వినపడేలా, "నేనండీ!" అని చెయ్యెత్తాడు.

మామగారు అతన్ని ఆపాదమస్తకం పరీక్షగా చూశారు. "మీరా? గాలివానలో రంపం పట్టిన మనిషి మీరు. మీరు పనికిరారండీ. కాస్త పక్కకి జరగండి." బల్ల వెనకనుంచి క్యాషియరమ్మ, "నేనూ పనికిరానండీ, మా పెరట్లో చెట్టు నేనే కోసుకున్నాను" అంది.

మామగారు దిక్కుతోచక తల గోక్కున్నారు. అల్లుడికి మాత్రం కాస్త ఉక్రోషం వచ్చింది. ఆరేళ్ళు అంత జాగ్రత్తగా దాచుకున్న పిరికితనం, తీరా ఒప్పుకుందామనేసరికి ఎవ్వరూ నమ్మలేదు.