ప్రత్యాహారం శెట్టి

ఆదోని ధాన్యం బజారులో కొట్టున్న రంగనాథం శెట్టికి అష్టాంగయోగం మొత్తంలో వంటబట్టింది ఒక్కటే అంగం, ప్రత్యాహారం. 'ప్రతి, ఆహారం' అని సంధి విడదీసి, ఎదురైన ఏ ఆహారాన్నీ కాదనకూడదని అర్థం చెప్పేవాడు. బొరుగుల ఉగ్గాణి కనబడితే ప్రత్యాహారం. బజ్జీల వాసన తగిలితే ముందు కళ్ళు మూసుకుని ప్రాణాయామం, ఆపైన ప్రత్యాహారం.

పురాణం చెప్పే ఆచార్లు ఒకనాడు కొట్టు ముందే నిలదీశారు. "శెట్టీ, ప్రత్యాహారమంటే ఇంద్రియాలను వెనక్కి లాక్కోవడమయ్యా."

"లాక్కుంటా స్వామీ. ముందు అవి పోవల్ల గదా?" అన్నాడు శెట్టి బజ్జీ నములుతూ.

బజారంతా నవ్వింది. ఆయన భార్య కనకమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

వానలు మొహం చాటేసిన ఆ ఏడు శెట్టి యోగం మరీ ముదిరింది. బండి కట్టించుకుని కోసిగి దిక్కు పల్లెలకు భోజనానికి పోతున్నాడని కనకమ్మకు తెలిసింది.

"వాళ్ళకే గింజల్లేక అల్లాడుతాంటే, మీరు పోయి కంచం ముందర కూసుంటారా? నేనూ వస్తా. మీ యోగమేందో ఈ పొద్దు తేలిపోవల్ల" అని తానూ బండెక్కింది.

దారిలో బండి తోలే తిక్కయ్య చెప్పాడు. "ఇప్పుడు పొయ్యేది ఉచ్చీరమ్మ ఇంటికమ్మా. పిల్లోళ్ళు పస్తులు. ధర్మానికిచ్చిన గింజ మాత్రం ముట్టదు. ఎవరో ఇస్తే తిప్పి పంపిచ్చింది."

అలాంటి ఇంటి గుమ్మంలో శెట్టి కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. "ఉచ్చీరమ్మా, ఆకలైతాంది. రొట్టె తట్టు."

కనకమ్మ సిగ్గుతో చితికిపోయింది.

"ఏం పెట్టి తట్టల్ల సెట్టీ? ఇంట్లో గింజ లేదు."

"ఒకరి గింజ తింటే దొంగతనమే, నా అస్తేయం సెడుతుంది. నా జొన్నలు నేనే తెచ్చుకున్యా."

తిక్కయ్య మూట దించాడు. ఉచ్చీరమ్మ మూటనూ శెట్టినీ మార్చి మార్చి చూసింది. "ఇంత తింటావా?"

"పెద్ద యోగం."

తిరగలి తిరిగింది. రొట్టెలు, పుండికూర వచ్చాయి. శెట్టి ఒక్క తుంపు నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి లేచాడు.

"మూట మర్సిపోతాండావు."

"తెచ్చింది మళ్ళా మోసుకపోతే అపరిగ్రహం యాడుంటుంది? ఉండనీ. ఇంకోసారి వస్తా గదా."

"ఈ సెట్టితో యాగలేం" అని గొణిగి, ఉచ్చీరమ్మ పిల్లలను పిలిచింది. "రాండ్రా, రొట్టెలు సల్లారిపోతాండాయి."

బండి ఊరు దాటగానే శెట్టి కడుపు కుయ్యోమంది. కనకమ్మ ఆయన వైపు తిరిగింది. "పుండికూరంటే ప్రాణమిడిసే మనిషి. తుంపు తిని ఎట్ల లేచినారు?"

"ఆచార్లు సెప్పలేదా, ఇంద్రియాలను వెనక్కి లాక్కోమని? ఈడికొచ్చి లాక్కుంటా."

మరుసటి వారం ఆచార్లు కొట్టు ముందు మళ్ళీ అర్థం చెప్పడం మొదలుపెట్టారు.

"ఆయనకు ఎంత సెప్పినా ఎక్కదులే స్వామీ" అంది కనకమ్మ లోపలినుంచి, కట్టబోతున్న మూటలో ఇంకో చేటెడు జొన్నలు పోస్తూ.