గోడకి పెట్టిన కళ్ళద్దం

మా సైన్సు మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. చెప్పినవాడు పాలవాడు. "జొరం తగ్గనేదండి, తెల్లారగట్ల పోనారు" అని, చెంబులో పాలు పోసి తన దారిన వెళ్ళిపోయాడు. పిండిన చీర చేతిలో పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. ఏడవలేదు. అదీ నేను చేసిన నేరం. మా అమ్మ నా మొహం చూసి, "దడుసుకున్నాదర్రా గుంట!" అని ఇల్లంతా వినబడేలా కేకేసింది. సాయంత్రానికి మా పిన్ని నా చేతికి ఎర్రదారం కట్టేసింది. మర్నాడు అన్నం సయించక మధ్యలో లేచిపోతే, "పట్నంలో అంతంత లావు పుస్తకాలు సదివితే బుర్ర వేడెక్కదేటి? పెళ్ళి సేస్తే అదే కుదుటపడతాది" అని తీర్పు కూడా చెప్పేసింది.

మా ఇంట్లో నాకిది మామూలే. కిటికీ దగ్గర నిలబడితే ఎవరికోసమో చూస్తున్నానంటారు. ఊరుకుంటే పొగరంటారు. నోరు విప్పితే, "అది కాదర్రా, దాని డిగ్రీ మాట్లాడతంది" అంటారు. నేను భయపడ్డ మాట నిజమే, కాని వాళ్ళనుకున్న భయం కాదు. మా బడిలో మాస్టారి గది గోడకి ఒక బెజ్జం ఉంది. ఆయన పోయారు కదా, ఇక దాన్ని మెత్తేస్తారని నా భయం. ఈ మాట ఇంట్లో చెబితే రెండో చేతికి కూడా దారం కట్టి ఉండేవారు. అందుకని మీకు చెబుతున్నాను.

చోడవరం బడిలో మేం చదువుకునే రోజుల్లో సైన్సుకి సామానంటూ ఏమీ లేదు. మూతి విరిగిన బీకరు ఒకటి. మేకుని కూడా బతిమాలి పిలవాల్సిన అయస్కాంతం ఒకటి. మాస్టారు దానికి దిగులుపడిన మనిషి కాదు. వీధివైపు ఉన్న పాత బల్లల గదిని ఖాళీ చేయించి, కిటికీలు మూయించి, తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కించారు. గోడకి బెజ్జం కొట్టించారు. తన చత్వారం కళ్ళజోడులోంచి ఒక అద్దం ఊడదీసి, ఆ బెజ్జానికి మైనంతో అతికించారు. వెదురు చట్రానికి తన పంచె బిగించి, దాన్ని చెరో వైపు పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపమని మాకు చెప్పారు.

"ఇంకా... ఇంకా... ఆగండర్రా!"

మసక విడిపోయింది. పంచె మీద మా వీధి పడింది. రంగులతో సహా పడింది. చెరుకు బండి వెళ్తోంది, ఎడ్లు తల ఊపుతున్నాయి, బండి వెనకాల పిల్లలు చెరుకుగడ లాగుతున్నారు. అంతా జానెడు ఎత్తున, తలకిందులుగా. నేల పైనుంది, ఆకాశం కిందుంది.

"మాస్టారూ, వీధి తిరగబడిపోనాది!" అన్నారెవరో.

"వీధికేటవ్వలేదురా. మీ కంట్లో కూడా రోజూ ఇలాగే పడతాది. నిలబెట్టుకుంటన్నది మీరు" అన్నారాయన.

ఆ తర్వాత ఆయన కళ్ళజోడుకి ఒకవైపు అద్దం, ఒకవైపు ఒట్టి వలయం. చదవాలంటే ఒక కన్ను మూసుకునేవారు. కొత్త అద్దం పెట్టించుకోవచ్చు కదా అంటే, "పెట్టించుకుంటే దాన్నీ ఊడదీస్తాను. ఎందుకొచ్చిన గొడవ?" అనేవారు. పాఠానికి ఆయన పెట్టుకున్న పద్ధతి ఒకటే. "ముందు సూడండి. తరవాత మీలో మీరు దెబ్బలాడుకోండి. ఆఖర్న నన్నడగండి."

అయితే ఆడపిల్లల్ని ఆ చీకటి గదిలోకి పంపడానికి ఇళ్ళల్లో ఒప్పుకోలేదు. మా నాన్నా ఒప్పుకోలేదు. మాస్టారు ఎవరితోనూ వాదించలేదు. మర్నాడు తన భార్యని బడికి తీసుకొచ్చి, గదిలో ఒక మూల పీట వేసి కూర్చోబెట్టారు. ఆవిడ చీకట్లోనే, చేతి వాటాన చింతపండులో పిక్కలు తీస్తూ కూర్చునేవారు. మేం గుసగుసలాడితే, పిక్క వచ్చి గురి తప్పకుండా తగిలేది. ఆ చింతపండు వాసనలోనే నేను వెలుగు గురించి నేర్చుకున్నాను. ఇప్పటికీ కాలేజీ లేబరేటరీలో కటకం చేతికి తీసుకుంటే నాకు నోరూరుతుంది.

సగం మంది లోపల ఉంటే, మిగతా సగం మంది వీధిలో ఆడేవాళ్ళు. గ్రహణం పాఠం నాటకమైంది. సూర్యుడు ఇత్తడి పళ్ళెం. చంద్రుడు చేట. పళ్ళెం ఒక పిల్ల పట్టుకుంటే, చేట పట్టుకుని నేను దానికి అడ్డంగా నడవాలి. లోపలివాళ్ళు పంచె మీద చూసి ఎప్పుడు ఎంత మూసుకుందో అరవాలి. సరిగ్గా సంపూర్ణ గ్రహణం వేళకి కూరల బుట్టతో ఒకామె మా మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయింది. లోపల్నుంచి గోల. "మాస్టారూ, వంకాయల గ్రహణం!" ఆయన నవ్వి నవ్వి, అద్దం లేని వలయంలోంచి వేలు పెట్టి కన్ను తుడుచుకున్నారు.

ఒకసారి సర్కారువారి వాను వచ్చి, డైనమో తిప్పి, తెల్లగుడ్డ మీద కదిలే బొమ్మలు చూపించింది. మాస్టారు పిల్లల కంటే ముందు వెళ్ళి కూర్చున్నారు. యంత్రం చుట్టూ తిరిగి, ఆపరేటర్ని ప్రశ్నలతో చంపేశారు. వాను వెళ్ళిపోయాక మాతో, "శానా బాగున్నాదర్రా. గాని అందులో మన వీధి లేదు" అన్నారు.

ఇప్పుడు నా భయానికి మూలమైన సంగతి చెప్పాలి. బడి కమిటీ పెద్దాయన చెరుకు రైతు, గొడుగు లేనిదే గడప దాటని మనిషి. ఒకరోజు గొడుగు వేసుకుని వీధిలో వెళ్తూ పంచె మీద పడ్డారు. తలకిందులుగా. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవిన పడింది. ఆ వారంలోనే ఆయనకి చలిజ్వరం తగిలింది. ఇక ఊళ్ళో ఒకటే మాట. "బతికున్న మడిసిని తలకిందులు సేస్తే జొరం రాదేటి?" జ్వరం తగ్గగానే ఆయన కర్ర పట్టుకుని బడికొచ్చారు.

"నన్నెందుకు తలకిందులు సేసేవయ్యా?"

"కూకోండి బాబూ, సూపిస్తాను" అని మాస్టారు ఆయన్ని గదిలో కూర్చోబెట్టి, చట్రం మా చేతికిచ్చి, తను వీధిలోకి వెళ్ళారు. ఎర్రటి ఎండలో బెజ్జానికి ఎదురుగా ఇటూ అటూ నడిచారు. ఒకసారి ఆగి, లోపలికి దండం కూడా పెట్టారు. పంచె మీద జానెడు మాస్టారు, కాళ్ళు పైకి, దండం కిందకి. పెద్దాయన ముందు బిగుసుకుపోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. మాస్టారు చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చి, "ఇప్పుడు నాకూ జొరం రావాలి కదండీ. వస్తే కబురెడతాను" అన్నారు.

అప్పుడు రాలేదు. ఇన్నేళ్ళకి వచ్చింది.

నేను పరీక్షలు రాసి ఇంటికొచ్చాక ఒకసారి ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. విశాఖపట్నంలో చూసిన పరికరాల గురించి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. అంతా విని, "బాగున్నాది. మరి నీ సేత్తో ఏది ఊడదీసేవు?" అని అడిగారు. అక్కడ బీరువాలకి తాళాలుంటాయని చెప్పాను. "మన గదికి తాళం లేదు. పంచె ఎలకలు కొరికేసేయి. ఓసారొచ్చి మార్చమ్మా" అన్నారాయన. ఆయన నాతో అన్న చివరి మాట అదే.

పరామర్శకి వెళ్ళినప్పుడు మాస్టారి భార్య ఆ ఒంటి అద్దం కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "రెండో అద్దం గోడకే ఉండనీమ్మా. నేనేటి సేసుకుంటాను" అన్నారు. బయట అరుగు మీద అప్పుడే మొదలైపోయింది. "సెప్పలేదేటి? ఒకర్ని తలకిందులు సేసేడు, తనూ అయ్యేడు." హెడ్మాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి, కొత్త మాస్టారు వచ్చేదాకా సైన్సు చెబుతావా అని అడిగారు. ఆ వెంటనే గొంతు తగ్గించి అన్నారు. "గదిమాట మాత్రం ఎత్తకమ్మా. బెజ్జం మూయించేస్తన్నాం." ఆలోచించుకుని చెబుతానన్నాను.

ఇంటికొచ్చాక నాకు కాలు నిలవలేదు. పిన్ని ఇంకో ముడి వేసింది. మర్నాడు పొద్దెక్కాక, నా దగ్గరున్న తెల్లచీర ఒకటి చంకలో పెట్టుకుని బడికి నడిచాను. తాపీమేస్త్రి గోడ దగ్గర అప్పటికే సున్నం కలుపుతున్నాడు. పక్కన గొడుగుతో పెద్దాయన.

"ఒక్కసారి లోపలికి రండి బాబుగారూ. మూసేముందు చూద్దురుగాని" అన్నాను.

ఆయన వద్దనలేదు. చీకట్లో నేను చట్రానికి చీర బిగిస్తుంటే, గొడుగుకర్ర నేలకేసి తడుతూ మెల్లగా అన్నారు. "ఆయన మంచోడని నాకు తెల్దేటమ్మా? ఆ రోజు నాకోసం ఎండలో నడిసేడు. నాకొచ్చిందే ఆయనకి తగిలిందేమో. నాకు నిద్దరట్టట్లేదు."

ఆయన కోపంతో మూయిస్తున్నారని అనుకుంటూ వచ్చాను. ఆయనా నాలాగే భయపడుతున్నారు. చట్రం జరిపాను. మసక విడిపోయింది. వీధి వచ్చింది. వీధిలో పరుగులాంటి నడకతో ఎవరో ఆడమనిషి వస్తోంది, కొంగు కింద గిన్నె పట్టుకుని. జానెడు మనిషి. తలకిందులుగా ఉన్నా నడక తెలిసింది.

"ఎవరమ్మా ఆవిడ?"

"మా అమ్మ."

"అయ్యో, ఆపమ్మా! ఎదర్నించి తప్పుకోమను!"

"అయిపోయింది బాబుగారూ. వచ్చేసింది."

గిన్నె తలకిందులైంది, అన్నం ఒలకలేదు. మా అమ్మ మొహం అంత దిగులుగా ఉంటుందని నేను ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. ఎదురుగా ఉన్నప్పుడు అది తిడుతూ ఉంటుంది. తలుపు తోసుకుని వచ్చి, "ఏటే ఈ సీకట్లో? తిండి మానేసి ఇక్కడ కూకున్నావేటే?" అని అందుకుంది.

పెద్దాయన ఆవిణ్ణి పైనుంచి కిందికి చూశారు. "ఒంట్లో బాగున్నాదా అమ్మా?"

"నాకేటండి బాబూ, గుండ్రాయిలా ఉన్నాను. దీనికే బాగోలేదు!"

ఆయన బయటికెళ్ళి మేస్త్రితో, "ఆ సున్నం ఎండిపోకుండా మా అరుగుకి మెత్తీ. ఇది తరవాత సూద్దాం" అన్నారు. నావైపు తిరిగి, "ఈవిడికి జొరం రాకపోతేనే సుమా" అన్నారు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్న లేవగానే మా అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తున్నాను. ఎండాకాలం, దోమల ఊరు, ఎవరికి ఎప్పుడు ఏ జ్వరం వస్తుందో ఎవరు చెప్పగలరు? నుదురు చల్లగానే ఉంటోంది. నా చేతిదారం పనిచేసిందని, నాకు తల్లి మీద మమకారం పుట్టిందని పిన్నితో చెప్పుకుని మురిసిపోతోంది అమ్మ. నేను దిద్దలేదు. ఆ పూట నుంచి కళ్ళు మూసుకుంటే ఒకటే బొమ్మ: తెల్లచీర మీద జానెడు మా అమ్మ, నేల పైన, ఆకాశం కింద, గిన్నె ఒలక్కుండా నడిచొస్తూ.

హెడ్మాస్టరుగారికి కబురు పంపాను. సోమవారం నుంచి సైన్సు నేను చెబుతున్నాను. ఎవరికి జ్వరం వచ్చినా రాకపోయినా, ఆ గదిలోనే చెబుతున్నాను.