అవ్వ బొమ్మను కొన్న సేటు

నా బొమ్మలు కొన్న మనిషి నన్ను మోసం చేయలేదు. బేరం కూడా పెద్దగా ఆడలేదు. అయినా ఆయన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ని. పుట్టింది బోథ్ దగ్గర పల్లెలో. బడి లేనప్పుడు ఇంట్లో ఆయిల్ రంగులతో బొమ్మలు వేసేదాన్ని. వాటిలో ఒకటి మా అవ్వది. పత్తి చేనులో ఒడి కట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి నా వైపు చూస్తూ ఉంటుంది. ఆ బొమ్మ కోసం చేనులో నిలబెడితే, "జల్ది కానియ్యి, కూలోళ్లు నవ్వుతుండ్రు" అని తిడుతూనే నిలబడింది. దాన్ని నేను కరీంనగర్‌కు తెచ్చుకుని పూర్తి చేశాను. అవ్వ చూడకముందే అది ఒక ప్రదర్శనలో అమ్ముడుపోయింది.

కొన్నది గ్రానైట్ వ్యాపారం చేసే ఒక సేటు. తర్వాత ఇంకో నాలుగు కూడా తీసుకున్నాడు. మన ఊళ్లోనూ బొమ్మలంటే ఇంత ప్రేమున్న మనిషి ఉన్నాడని బడిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

ఒకరోజు ఆయనే మా ఇంటికి వచ్చాడు. చాయ్ తాగుతూ అడిగాడు.

"మేడం, షుగర్ గిట్ల ఉన్నదా మీకు?"

"లేదు సార్."

"బీపీ?"

"లేదు. ఎందుకడుగుతుండ్రు?"

నవ్వాడు. "ఆర్టిస్టు పోయినంక రేటు ఒక్కసారే లేస్తదట. హైదరాబాద్‌ల గ్యాలరీ ఆయన చెప్పిండు. ఊకెనే అడిగిన, ఫికర్ చెయ్యకున్రి."

ఆయన ఆగలేదు. "ఇంకోటి మేడం. జర తక్కువ వెయ్యున్రి. మందికి ఊకె ఇయ్యకున్రి. మార్కెట్ల ఎక్కువైతే నా మాల్ రేటు పడిపోతది."

ఆ వారమే పక్కింటి అమ్మాయి పెళ్లికి ఒక బొమ్మ కానుకగా ఇచ్చాను. అది ఆయన చెవిన పడ్డట్టుంది. ఇంటికి వచ్చిన మనిషిని పొమ్మనలేక పంటి బిగువున కూర్చున్నాను.

వానాకాలంలో అవ్వ కంటి ఆపరేషన్‌కు కరీంనగర్ వచ్చింది. కట్టు విప్పి కొన్నాళ్లు గడిచాక, "కండ్లు మంచిగైనయి గదా, ఇగ నా బొమ్మ సూపియ్యి" అంది. సేటుకు ఫోన్ చేస్తే రమ్మన్నాడు.

ఇల్లంతా నున్నటి రాయి. గోడల మీద మాత్రం ఒక్క బొమ్మ లేదు. మేడ మీద, తాళం వేసిన గదిలోకి తీసుకుపోయాడు. మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి, టేపులు వేసిన మూటలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకదాన్ని చూపించి, "గిదే అమ్మా, మీ బొమ్మ" అన్నాడు.

అవ్వ వంగి చూసింది. "గీ మూటలనా? ఇప్పు సేటు, సూసి పోత."

"ఇప్పరాదు పెద్దమ్మా. ప్యాకింగ్ పోతే రేటు పోతది."

"మరి నువ్వెట్ల సూస్తవు?"

"నేను సూసుడెందుకు? ప్లాటు కొంటం, రోజు పోయి సూస్తమా? ధర రాంగనే అమ్ముతం."

అవ్వ ముఖం మారిపోయింది. "సచ్చినోళ్ల లెక్క సుట్టి మూలకు నిలవెట్టినవు. నేనింక బతికే ఉన్న!" అంటూ టేపు కొస పట్టుకుని లాగింది. సేటు అరిచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మా అవ్వ మీద చెయ్యి తియ్యి!" అని అంతకంటే గట్టిగా అరిచాను. ఆయన చేయి తీశాడు. మిగిలిన ప్లాస్టిక్ నేనే చింపాను.

ముక్కిపోయిన వాసన గుప్పుమంది. లోపల చెమ్మ పట్టి, అవ్వ ముఖమంతా, మెడ మీద ఆకుపచ్చని బూజు పాకింది.

"కల్తీ రంగులు పెట్టినవా?" అన్నాడు సేటు. అంతదాకా ఉన్న 'మీరు' పోయింది.

"రంగు మంచిగ ఆరకముందే, గాలాడకుండ మూట కట్టిస్తే బూజు రాక ఏమైతది?"

మా అరుపులు పట్టించుకోకుండా అవ్వ బొమ్మ దగ్గరికి జరిగి కొత్త కళ్లతో వెతుక్కుంటోంది. "ముక్కుపుల్ల మంచిగేసినవు బిడ్డా" అంది. బూజు అంటనిది అదొక్కటే.

నేనే శుభ్రం చేసివ్వాలని సేటు పట్టుబట్టాడు. ఆయన కోసం కాదు గానీ, అవ్వ ముఖాన్ని అలా వదలలేక ఒప్పుకున్నాను. మా ఇంట్లో ఆరబెట్టి, మెత్తటి కుంచెతో, దూదితో మెల్లగా తీశాను. అన్నాళ్లూ అవ్వ దాని ముందే కూర్చుని రొట్టె తినేది.

"గంత కోపంగ సూస్తనా నేను?"

"సూస్తవు."

"మంచిగున్నది" అంది.

ఒక చెంప మీద మరక పోలేదు. తీసుకుపోవడానికి వచ్చిన సేటు దాన్ని చూసి, "గిక్కడ రంగు నింపున్రి" అన్నాడు.

"నింప. మరక మీరు పెట్టిందే, మీ దగ్గరనే ఉండనియ్యున్రి. ఇగ మీకు బొమ్మలు అమ్మేది లేదు."

ఆయన డ్రైవర్ని పిలిచాడు. మా అరుగు మీదే, అవ్వ చూస్తుండగా, మళ్లీ ప్లాస్టిక్ చుట్టించాడు. అవ్వ లోపలికి పోయి తలుపు ధడాలున వేసుకుంది.

అప్పటి నుంచి పంతం పట్టి ఎక్కువ వేశాను. అడిగిన వాళ్లకల్లా ఇచ్చాను. సేటు ఫోన్ చేసి, "మేడం, మీ రేటు మీరే ఖరాబ్ చేసుకుంటుండ్రు" అన్నాడు.

"నా రేటు, నా ఇష్టం" అన్నాను.

చివరికి అన్నీ కలిపి ఎవరికో అమ్మేశాడు. ఎవరికని అడిగితే, కొన్నవాళ్ల సంగతి బయటికి చెప్పకూడదన్నాడు. ఊరికి పోయిన అవ్వకు ఆ సంగతి ఫోన్‌లో చెప్పాను. ఆమె అప్పుడు బోథ్ సంతలో ఉంది. వెంటనే అందుకుంది, సంతంతా వినబడేట్టు, ఆయన ఏడు తరాలనూ కలిపి తిట్టింది. నేను ఫోన్ చెవి నుంచి తీయకుండా అన్నీ విన్నాను.